మూఢంలో కార్ల ప్రదర్శన

మా అమలాపురంలో కార్ల ప్రదర్శన ఎప్పుడు పెట్టాలో పంచాంగం చూసి తేల్చేవాళ్ళం. అదీ మంచిరోజు కోసం కాదు, మంచిది కాని రోజు కోసం. ఈ మాట పై ఊళ్ళవాళ్ళకి చెబితే నవ్వుతారు. నవ్వనీండి. ఆ ప్రదర్శనని ఇన్నేళ్ళు నెత్తిన పెట్టుకుని మోసిన దాన్ని, నాకు మాత్రం నవ్వు రాదు.

దీనికంతటికీ మూలం మా ఆయన కారు. తొంభైల మొదట్లో, ఎవరి పెరట్లోనో కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్న పాత అంబాసిడర్ని తోయించుకుంటూ ఇంటికి తెచ్చారు. మాకు కొబ్బరితోట, కాస్త వరిచేను ఉన్నాయి. నేను బళ్ళో లెక్కలు చెప్పేదాన్ని. తోట చూసుకోవలసిన మనిషి పొద్దు వాలేసరికి టింకరింగు షెడ్డులో తేలేవారు. కారు పైకప్పు కోయించేశారు. కప్పు పోతే బండి నడుం విరుగుతుందని కింద ఇనప పట్టీలు వేయించారు. తలుపుల అంచులు తగ్గించి, వెనక సీటు ఎత్తు పెంచి, దాన్ని ఒక పడవలా చేశారు. ఇక రంగు సంగతి చెప్పాలి. షాపులో దొరికే ఏ డబ్బా ఆయనకి నచ్చలేదు. నాలుగు డబ్బాలు కలిపి, కలిపింది పారబోసి, మళ్ళీ కలిపి, చివరికి లేత తమలపాకు రంగు ఒకటి పట్టుకున్నారు. పైన ఆ ఆకుపచ్చ, కింద మీగడ రంగు, రెండింటి మధ్య వెంట్రుకంత ఎర్రగీత. ఒక పూత వేయడం, నీళ్ళకాగితంతో రుద్దడం, మళ్ళీ పూత వేయడం. ఇల్లంతా థిన్నరు కంపు. పిల్లల పేపర్లు దిద్దుకుంటూ ఆ కంపులో కూచుని నేను తిట్టని తిట్టు లేదు.

అన్నీ అయ్యాక కారుని వాకిట్లో నిలబెట్టి నన్ను పిలిచారు. ఏదో ఒకటి అందామనే బయటికి వచ్చాను. అనలేకపోయాను. అంత బావుంది. పొద్దుటెండ ఆ రంగు మీద పడితే అప్పుడే నీళ్ళు చల్లిన ఆకులా ఉంది. నిజం చెప్పొద్దూ, ఆయన మీద నాకు చాలా గర్వం వేసింది.

వారం తిరక్కుండానే దాన్ని ఒక పెళ్ళికి తీసుకెళ్ళిపోయారు.

మా కోనసీమలో మొహమాటం అనే జబ్బు ఒకటుంది. అది మా ఆయనకి మరీ ముదిరిపోయింది. ఎవరైనా గుమ్మంలోకి వచ్చి, "ఒక్క సాయంత్రం అండి, ఊరేగింపు అవగానే పంపించేస్తామండి" అంటే చాలు, "అయ్యో, దానికేముందండీ, మీది కాదాండీ!" అని తాళాలు చేతిలో పెట్టేసేవారు. అద్దె అడగమంటే ఆయనకి తలకొట్టేసినట్టుండేది. కారు తిరిగొచ్చేటప్పుడు వెనక సీట్లో ఒక అరటిగెలో, ఒక పూతరేకుల పెట్టో ఉండేది. మా ఇంట్లో అరటిపళ్ళు తినలేక నేను స్టాఫ్ రూముకి మోసుకెళ్ళిన రోజులున్నాయి.

పళ్ళతో నాకు పేచీ లేదు, పువ్వులతోనే. మా వైపు పెళ్ళికారు అంటే చక్రాలు తప్ప ఇంకేమీ కనపడకూడదు. బంతిపూల దండలు, అశోకాకులు, చెమ్కీ కాగితాలు, ముందు ఒక థర్మోకోలు నెమలి, చుట్టూ వెలిగి ఆరే బల్బుల తీగ. వాటిని నిలబెట్టడానికి పురికొస, గమ్ముటేపు, అవసరమైతే గోధుమపిండి ఉడికించిన జిగురు. పెళ్ళి నుంచి వచ్చిన మర్నాడల్లా మా ఆయన వేడినీళ్ళు, కొబ్బరినూనె పెట్టుకుని ఆ టేపు మరకలు ఒక్కొక్కటే తుడుచుకుంటూ కూచునేవారు. ఎక్కడ గీత పడితే అక్కడ మళ్ళీ రంగు కలపడం.

రాజోలు నుంచి ఆలమూరు దాకా ఆ కారుని ఎరగనివాళ్ళు లేరు. దాని రంగు చూసినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. ఒకసారి బజారులో ఒకాయన, "మీ కారు పసుపు రంగు కదండీ?" అని అడిగాడు. బంతిపూల పసుపు. మా ఆయన ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు.

"ఒక్కసారి, ఒక్కరోజు, ఒక్క పువ్వు లేకుండా దాన్ని నలుగురి మధ్యా నిలబెట్టాలే. రంగు చూడాలే జనం" అన్నారు నాతో. అదీ మా ప్రదర్శన పుట్టిన కథ. తర్వాత దానికి యువతలో నైపుణ్యం అనీ, కోనసీమ కళ అనీ చాలా పేర్లు పెట్టారు. అవన్నీ కరపత్రాల కోసం. అసలు నియమం ఒక్కటే: ఏ బండి మీదా పువ్వు ఉండకూడదు. ఆ నియమం ఆయన చెబితే నేను చార్టు మీద రాసి గేటుకి కట్టాను. అమలుచేసే పని కూడా నాకే పడింది, ఎందుకంటే మా ఇద్దరిలో కోపం ఉన్నదాన్ని నేనే.

అప్పటికి మా చుట్టుపక్కల ఇలాంటి పిచ్చి ఉన్నవాళ్ళు కొంతమంది పోగయ్యారు. రాయవరం నుంచి ఒకాయన జీపుని సాగదీసి రెండు కుటుంబాలు పట్టేలా చేశాడు. ఇంకొకాయన తన చిన్న కారుకి వెనకాల చేపరెక్కల్లాంటివి అతికించాడు. వీళ్ళతో పాటు మా పంతులుగారు. ఆయన వేదం చదువుకున్న ఇంటి మనిషి, చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ పెళ్ళి ముహూర్తాలు ఆయనే పెడతారు. ఆయనకున్న ఒకే ఒక్క వ్యసనం బుల్లికార్లు. మెత్తటి చెక్కతో జానెడు కార్లు చెక్కేవారు. తలుపులు తెరుచుకుంటాయి, స్టీరింగు తిప్పితే ముందు చక్రాలు తిరుగుతాయి. వాటికి వేరే బల్ల, దాని మీద తెల్లగుడ్డ. నమూనా కార్ల విభాగం మొత్తం ఆయనే.

మొదటేడు మాఘమాసంలో ఒక ఆదివారం పెట్టాం. షామియానా వేయించాం, మైకు పెట్టించాం, రిక్షాలో చాటింపు వేయించాం. పొద్దున్నే గ్రౌండుకి వెళితే ఒక్క బండీ లేదు. ఆ రోజు పెద్ద ముహూర్తమట. కోనసీమలో ఉన్న అందమైన కారల్లా ఏదో ఒక పెళ్ళిపందిరి ముందు పువ్వులు కప్పుకుని ఉంది. జీపు రాజోలు వెళ్ళింది. రెక్కల కారు కొత్తపేట వెళ్ళింది. పంతులుగారు రెండు పెళ్ళిళ్ళు చేయిస్తున్నారు, బుల్లికార్లు ఆయన ఇంట్లో బీరువాలో ఉన్నాయి. మా కారో? ముందు రోజు రాత్రే మా ఆయన ఇచ్చేశారు.

"మన ప్రదర్శనకండీ, మన కారే లేదు!" అన్నాను.

"అడిగేరే. ఆడపిల్ల పెళ్ళి. లేదని ఎలా అంటాం?"

షామియానా కింద తెల్లగుడ్డ పరిచిన ఖాళీ బల్ల, నేను. జనం మాత్రం వచ్చారు. కార్లేవండీ అని అడిగితే పెళ్ళిళ్ళకి వెళ్ళాయండీ అన్నాను. ఒక్కళ్ళకీ కోపం రాలేదు! "ఆయ్, మరి ముహూర్తాలు కదండీ" అని తలలూపి, మజ్జిగ తాగి వెళ్ళిపోయారు. ఎవరైనా నన్ను నిలదీసి తిడితే నాకు కాస్త ఊరటగా ఉండేది.

మరుసటేడు తెలివి తెచ్చుకుని ఆషాఢంలో పెట్టాం. పెళ్ళిళ్ళుండవు కదా. పెళ్ళిళ్ళు లేవు, వాన ఉంది. గ్రౌండు చేపలచెరువైపోయింది. కప్పులేని కారు కాబట్టి మా ఆయన దాని మీద టార్పాలిను కప్పి, నాలుగు మూలలా తాళ్ళు బిగించి, తాను గొడుగేసుకుని పక్కన నిలబడ్డారు. వచ్చినవాళ్ళకి టార్పాలిను అంచు కాస్త ఎత్తి, వేలెడంత రంగు చూపించేవారు. చూసి నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు పంతులుగారే దారి చెప్పారు. "మూఢంలో పెట్టండమ్మా" అన్నారు. గురుడో శుక్రుడో సూర్యుడి దగ్గరికి చేరి కనపడకుండా పోయే రోజులు మూఢం. పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు ఉండవు. ఎండాకాలంలో మూఢం పడితే వానా ఉండదు, కార్లూ ఖాళీ, ఆయనా ఖాళీ. అంతా బాగానే ఉంది. కానీ మూఢంలో దేనికైనా రిబ్బను కత్తిరిస్తారా మావాళ్ళు? మా అత్తగారు వినగానే చెవులు మూసుకున్నారు. కొత్తగా రంగు వేయించిన బండిని మూఢంలో మొదటిసారి బయటికి తీసేది లేదని తక్కినవాళ్ళూ భీష్మించారు.

దీనికీ పంతులుగారే శాస్త్రం వెతికారు. మూఢం రాకముందే ఒక మంచిరోజు చూసి ప్రారంభోత్సవం చేసేద్దాం. ప్రదర్శన మూఢంలో జరిగితే అది ప్రారంభం కాదు, కొనసాగింపు. కొనసాగింపుకి దోషం లేదు. అలాగే కొత్త బండ్లన్నీ ముందే చక్రాల కింద నిమ్మకాయ పెట్టుకుని వీధి చివరిదాకా వెళ్ళొస్తే, అవి అప్పటికే బయల్దేరినట్టు లెక్క.

అలా మా ప్రదర్శనకి రెండు ముక్కలొచ్చాయి. కార్లు లేని ప్రారంభం ఒకటి, ప్రారంభం లేని కార్లు ఒకటి. ఖాళీ గ్రౌండులో రిబ్బను కత్తిరించి, ఖాళీ నేలకి చప్పట్లు కొట్టి వచ్చేవాళ్ళం. ఎండాకాలంలో మూఢం పడని ఏడు ప్రదర్శనే లేదు. ఎందుకు లేదని అడిగినవాళ్ళకి ఈ ఏడాది గ్రహాలు బావున్నాయండీ, అందుకని లేదు అని చెప్పేదాన్ని.

ఇంత చేసినా పువ్వు వదిలిందా? ముఖ్య అతిథి అని ఒకర్ని పిలిచేవాళ్ళం. ఆయన మెళ్ళో దండ వేసేవాళ్ళు. మెళ్ళో దండ ఉంచుకోవడం మర్యాద కాదు కాబట్టి ఆయన దాన్ని తీసి, దగ్గర్లో కనపడ్డ కారు మీద పెట్టేవారు. దగ్గర్లో ఉండేది మాదే. ఫొటోగ్రాఫరు అప్పుడే క్లిక్కుమనిపించేవాడు. నేను దండ తియ్యబోతే మా ఆయన కళ్ళతోనే బతిమాలేవారు, వద్దు, పెద్దాయన నొచ్చుకుంటారని. పంతులుగారు సరేసరి, ప్రతి బుల్లికారు మీదా కుంకుమబొట్టు పెట్టి ఒక నందివర్ధనం ఉంచేవారు. గేటు మీద చార్టు చూపిస్తే, "అది కార్లకి కదమ్మా, ఇవి నమూనాలు" అనేవారు.

రెండువేల సంవత్సరం దాటాక ఒక ఏడు నేను పట్టుబట్టాను. ముఖ్య అతిథి లేడు, దండ లేదు, కొబ్బరికాయ కూడా లేదు. ఎండలు ఇంకా ముదరలేదు, ఆకాశం శుభ్రంగా ఉంది, మూఢం. గ్రౌండు మధ్యలో మా కారు ఒంటి మీద ఆకు కూడా లేకుండా నిలబడింది. జనం చుట్టూ తిరిగి చూస్తున్నారు. ఒకాయన కళ్ళద్దాలు పెట్టుకుని ఆ ఎర్రగీత వెంట ముందు నుంచి వెనక్కి నడిచాడు. మా ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, ఏమీ పట్టనట్టు మొహం పెట్టి, ప్రతి మాటా వింటున్నారు. ఆయన మొహం అంత వెలుగుగా నేనెప్పుడూ చూడలేదు.

అప్పుడు గేటు దగ్గర ఒక మనిషి కనపడ్డాడు. లుంగీ, మాసిన చొక్కా, భుజాన తువ్వాలు. లోపలికి వచ్చి మొదట జీపాయన్ని ఏదో అడిగాడు. ఆయన తల అడ్డంగా ఊపాడు. రెక్కల కారాయన వినకముందే పక్కకి తిరిగాడు. ఆ మనిషి మా దగ్గరికి వచ్చాడు.

"అయ్యా, మాది ఓడలరేవండి. మా నాన్న ఆసుపత్రిలో పొద్దున్న పోయేడండి. ఇంటికి తీసుకెళ్ళాలండి. టాక్సీలోళ్ళు రామన్నారండి, ఆటోలోళ్ళూ రామన్నారండి. ఇక్కడ కార్లున్నాయని ఎవరో చెప్పేరండి. మా అమ్మ అక్కడ ఒక్కత్తే కూచుందండి."

టాక్సీవాళ్ళు ఎందుకు రామన్నారో అక్కడున్న అందరికీ తెలుసు. ఒక్కసారి శవం ఎక్కిన బండిలో మా వైపు పెళ్ళికూతుర్ని ఎక్కించరు. ఆ సంగతి ఆ మనిషికీ తెలుసు, అందుకే తల ఎత్తకుండా అడిగాడు. మైకులో పాట ఒక్కటే మోగుతోంది.

నేను మా ఆయన వైపు చూశాను. వద్దనాలనుంది నాకు. ఆ ఒక్కరోజూ ఆయనకి దక్కాలనుంది.

పంతులుగారు నెమ్మదిగా గొంతు సవరించుకున్నారు. "మూఢం పెళ్ళికి కదండీ. చావుకి మూఢమేముంది" అన్నారు ఎవరితోనూ కాకుండా. అని, తన బుల్లికార్ల బల్లని మాత్రం కాస్త దూరంగా జరిపించుకున్నారు.

"రండి" అన్నారు మా ఆయన. తాళాలు ఇవ్వలేదు, తనే ఎక్కి కూచున్నారు. ఆ మనిషి ముందు సీట్లో ముడుచుకుని కూచున్నాడు. గ్రౌండు మధ్యలో కారు లేకపోయిన చోట నూనెచుక్కలు రెండు మిగిలాయి.

చీకటి పడుతుండగా తిరిగొచ్చారు. మా అత్తగారు ఆయన్ని గుమ్మం బయటే ఆపి నీళ్ళు పోయించి, తర్వాత కారు మీద పసుపునీళ్ళు బిందెలతో కుమ్మరించారు. "మైల కడిగేశాం, అయిపోయింది" అన్నారావిడ.

అవలేదు. మూఢం పోయింది, పెళ్ళిళ్ళొచ్చాయి. మా గుమ్మం ఎవరూ ఎక్కలేదు. ఎందుకని ఎవరూ చెప్పలేదు కూడా. మా సీమ కదా! బజార్లో కనపడితే, "పాపం, మీ కారుని ఎన్నాళ్ళని శ్రమపెడతామండీ" అన్నారు. "ఈసారి ఏదో వ్యాన్ కుదిరిందండీ" అన్నారు. అన్నీ నవ్వు మొహాలే. ఫోన్ మోగినప్పుడల్లా మా ఆయన తోటలోంచి గబగబా వచ్చేవారు. బాజాభజంత్రీలు వీధిలో వెళుతుంటే అరుగు మీద నిలబడి, ఏ బండి కట్టారో చూసేవారు. కారుకి టేపు మరకల్లేవు, జిగురు లేదు. అయినా తెల్లారితే వేడినీళ్ళూ కొబ్బరినూనే పెట్టుకుని తుడిచేవారు.

మూఢం మళ్ళీ వచ్చింది, ప్రదర్శన పెట్టాం. అడ్డం పడేవాళ్ళెవరూ లేరు. వానా లేదు, దండా లేదు, పెళ్ళీ లేదు. పొద్దుటి నుంచీ కారు ఎండలో మెరుస్తూనే ఉంది. జనం రెండు బారల దూరంలో ఆగి, "ఎంత బావుందండీ రంగు" అని మెచ్చుకుని, పిల్లలు తలుపు మీద చెయ్యి వెయ్యబోతే వెనక్కి లాక్కునేవాళ్ళు. మా ఆయన కోరుకున్నది అక్షరాలా జరుగుతోంది. నాకు ఒళ్ళు మండిపోతోంది.

మధ్యాహ్నం కొత్తపేట నుంచి ఒకాయన వచ్చాడు. చేతిలో గుడ్డసంచి, దాన్నిండా శుభలేఖలు. మూఢం వెళ్ళగానే కూతురి పెళ్ళట. మాకూ ఒకటిచ్చి, కారు చుట్టూ తిరిగి చూశాడు.

"అబ్బ, తమలపాకులా ఉందండీ! ఇన్నాళ్ళూ ఇలాంటి రంగు ఎక్కడ దాచేరండీ?" అన్నాడు.

ఎన్నేళ్ళ నుంచి వినాలనుకున్న మాట! మా ఆయన దానికి మురిసిపోలేదు. శుభలేఖ రెండు చేతులతో పట్టుకుని, "ఊరేగింపుకి కారేదైనా చూసుకున్నారాండీ?" అని అడిగారు. అడిగే గొంతు నాకు కొత్తగా వినపడింది. అన్నేళ్ళూ మా గుమ్మంలో నిలబడి అడిగినవాళ్ళ గొంతు అది.

"ఆయ్... చూస్తున్నామండి. మీకెందుకండీ శ్రమ."

"శ్రమేముందండీ. పూలు కట్టుకోండి, నెమలి పెట్టుకోండి, మీ ఇష్టం."

"ఆయ్, చెప్తామండి. తప్పకుండా చెప్తాం."

అక్కడితో నా ఓపిక అయిపోయింది. "చెప్పరు లెండి" అన్నాను గట్టిగా. "శవాన్ని ఎక్కించుకున్నారనే కదండీ? అదేదో మొహం మీదే అనేయండి. ఆయన ఏడాది నుంచీ ఫోన్ దగ్గర కూచుంటున్నారు."

ఆ పెద్దమనిషి సంచి చేతులు మార్చుకుని నేల చూశాడు. చుట్టుపక్కలవాళ్ళు ఒక్కసారిగా జీపు మీద ఆసక్తి పెంచుకున్నారు.

మా ఆయన కంగారుపడిపోయారు. ఆ పెద్దమనిషి భుజం మీద చెయ్యివేసి, "మా ఆవిడ మాటలు మనసులో పెట్టుకోకండి, ఎండకి అలా ఉంది. పెళ్ళికి తప్పకుండా వస్తాం. కాఫీ తాగి వెళ్ళండి" అని బతిమాలి, ఆయన వెంట గేటుదాకా నడిచి, బస్సు ఎక్కడ ఆగుతుందో చూపించి వచ్చారు. వచ్చి నా మీద విసుక్కున్నారు. "ఆడపిల్ల తండ్రే ఆయన. అలా అడిగేస్తావేంటే?"

"మరి మీ సంగతి? ఇప్పుడు ఆ గేటులోంచి ఇంకోడు వచ్చి, మా అమ్మ పోయింది, ఎక్కించుకోండి అంటే ఏం చేస్తారు?"

ఆయన నా మొహంలోకి చూశారు. లెక్కల టీచరై ఉండి ఇంత చిన్న లెక్క తెలియకపోవడమేమిటి అన్నట్టు చూశారు.

"ఏం చేస్తాం? అక్కడ ఎవరో ఒక్కళ్ళే కూచుని ఉంటారు కదే" అన్నారు.

ఆయనకి కాదనడం రాదని పెళ్ళయిన నాటి నుంచీ తిడుతూనే ఉన్నాను. ఆ ఒక్కసారి మాత్రం చేతిలో శుభలేఖ పుచ్చుకుని, ఆ తమలపాకు రంగు కారు పక్కన, ఎవరూ నిలబడని చోట, ఆయనతో పాటు నిలబడ్డాను.